కొలోన్ చర్చిలో తెర వెనక నక్షా

జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి కొలోన్‌కి ఫాస్ట్ ట్రైన్‌లో గంటకి కాస్త పైన, అంతే. మా రైలు మాత్రం గంటన్నర లేటు, ప్లాట్‌ఫాం మీద నిలబడి నిలబడి అమ్మకి కాళ్లు లాగేశాయి. దిగాక నీళ్ల సీసా అడిగితే మూడున్నర యూరోలు. మూడు వందల రూపాయల పైన, ఉత్త నీళ్లకి! ఆ చిరాకుతోనే స్టేషన్ బయటికి వచ్చానా, ఎదురుగా చర్చి. వెతకడం, నడవడం ఏమీ లేదు, మీద పడుతున్నట్టు నిలబడి ఉంది. 157 మీటర్ల జంట శిఖరాలు, మసిబారిన రాయి.

"ఏమిరా, కాలిపోయిందా ఇది?" అంది అమ్మ.

లోపల అందరూ చూసేవే మేమూ చూశాం. బాల యేసుని చూడవచ్చిన ముగ్గురు జ్ఞానుల పేరున్న బంగారు పేటిక, వెయ్యేళ్లు దాటిన ఓక్ చెక్క శిలువ, 2007లో పెట్టిన రంగుల గళ్ల కిటికీ. ఆ శిలువ మీది క్రీస్తు ముఖం దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాను, ప్రాణం పోయాక మనిషి తల ఎలా వాలిపోతుందో అచ్చం అలాగే చెక్కారు.

అక్కడి నుంచి కదులుతుంటే, పక్కన చిన్న చాపెల్‌లో, అంటే చర్చి లోపలి ప్రార్థన గదిలో, ఒక గైడ్ తన గుంపు కోసం తెర తొలగిస్తోంది. మేమూ వెనక చేరాం. తోలు మీద గీసిన నక్షా, నాలుగు మీటర్ల పైన పొడవు, ఈ చర్చి ముఖభాగానిది. పని 1248లో మొదలై, 1500ల్లో డబ్బుల్లేక ఆగిపోయింది. సగం లేచిన దక్షిణ శిఖరం మీద చెక్క క్రేన్ మూడు వందల ఏళ్లకి పైగా అలాగే ఉండిపోయింది. నక్షా కూడా ఎటో పోయింది. 1814లో సగం ముక్క డార్మ్‌స్టాట్‌లో ఒక సత్రం అటక మీద దొరికిందట, దాని మీద చిక్కుడు గింజలు ఆరబెట్టేవాళ్లట. రెండేళ్లకి రెండో సగం పారిస్‌లో దొరికింది. 1842లో పని మళ్లీ మొదలుపెట్టి, ఆ గీతల ప్రకారమే కట్టి 1880కి ముగించారు.

నేను తెలుగులో చెప్తుంటే అమ్మ నక్షా మీంచి చూపు తిప్పలేదు. నాకేమో లేపాక్షి గుడి గుర్తొచ్చింది. హిందూపురం వాళ్లం, చుట్టాలెవరొచ్చినా అక్కడికే తీసుకెళ్లేవాళ్లం. పైకప్పు లేని ఆ కల్యాణ మండపం, గోడ మీది ఎర్ర మరకలు చూపించి, అవి గుడి కట్టించిన విరూపణ్ణ పెరికి గోడకేసి కొట్టిన కళ్లే అని నాన్న చెప్పే కథ. అదీ 1500ల్లోనే ఆగింది. చిన్నప్పుడు ఆ స్తంభాల మధ్య నిలబడి ఆకాశం చూడటం నాకు ఎంతిష్టమో, ఎవరూ పూర్తి చేయలేదే అన్న బాధ ఒక్కసారి కూడా కలగలేదు. ఇక్కడ ఆ తోలు ముందు నిలబడితే కలిగింది.

"విరూపణ్ణ దగ్గర కూడా ఇట్లాంటిది ఒకటి ఉండే ఉంటుంది కదరా, ఏమైపోయిందో" అంది అమ్మ. గైడ్ తెర వేసేదాకా కదల్లేదు.

533 మెట్లెక్కి శిఖరం చూడాలనుకున్నాను, అమ్మని ఒక్కదాన్ని కింద వదల్లేక మానేశాను. మధ్యాహ్నం మ్యూజియంకి టికెట్లు ముందే కొన్నాం కాబట్టి వెళ్లాం, అక్కడ నా మనసు నిలవలేదు.

తిరుగు రైలు టైముకే వచ్చింది. అమ్మ కిటికీ పక్కన చాలాసేపు మాట్లాడకుండా కూర్చుని, ఉన్నట్టుండి అంది: "మన అనపగింజల మాదిరి ఆరబెట్టుకుందిలే ఆ సత్రం ఆయమ్మ. పాత తోలు కదా అని పొయ్యిలో పెట్టలేదు చూడు."