వియన్నాలో అనుకోని రోజు: స్టెఫాన్స్‌డోమ్ పైకప్పు మూడోసారి కూడా కుదరలేదు

ఈ రోజు మూడుసార్లు బొమ్మ వేసినా, వియన్నా నడిబొడ్డున ఉన్న పెద్ద చర్చి స్టెఫాన్స్‌డోమ్ పైకప్పు నా చేతికి చిక్కలేదు. రాత్రి బుడాపెస్ట్‌లో గదికి చేరాక మూడు పేజీలనూ ఫోన్‌లోని ఫొటో పక్కన పరిచి చూస్తే తప్పు ఎక్కడ జరిగిందో చాలావరకు తెలిసింది కనుక, మరచిపోకముందే రాసి పెడుతున్నాను.

అసలు వియన్నాలో ఆగాలన్న ఆలోచనే లేదు. మ్యూనిక్ నుంచి వస్తూ అక్కడ మారవలసిన రైలు తప్పిపోయింది, సీటు దొరికిన తరువాతి రైలేమో సాయంత్రానికి. పెట్టెను స్టేషన్ లాకర్‌లో ఉంచి, రంగుల సంచి మాత్రం భుజాన వేసుకుని, యు1 మెట్రోలో మూడో స్టేషన్‌లో దిగి పైకి రాగానే ఎదుట ఆ చర్చి నిలబడి ఉంది. 136 మీటర్ల దక్షిణ శిఖరాన్ని అందరూ తలెత్తి చూస్తున్నారు గాని, నన్ను కట్టిపడేసింది పైకప్పే. 1945 ఏప్రిల్‌లో మంటలకు పాత చెక్క కప్పు కాలిపోతే, ఉక్కు చట్రం మీద మళ్ళీ నిలబెట్టి, సుమారు 2,30,000 గాజుపూత పెంకులతో రంపపు పళ్ళ నమూనాను పరిచారు. ఉదయం పడిన వానకు ఆ పెంకులన్నీ అప్పుడే కడిగినట్టు మెరుస్తున్నాయి.

చర్చికి ఎదురుగా ఉన్న హాస్-హౌస్ భవనం పక్కన నిలబడి మొదటి స్కెచ్ మొదలుపెట్టాను. శిఖరం ఎలాగూ ఎ5 పేజీలో పట్టదు కాబట్టి దాన్ని మధ్యలోనే ఆపేసి, కప్పు శిఖర రేఖకు, అంటే కప్పు పైఅంచు గీతకు, 9 సెంటీమీటర్ల పొడవు ఇచ్చాను. అందులో 7 మిల్లీమీటర్ల చొప్పున 13 పళ్ళు, అలాంటివి ఆరు వరుసలు. గీయడం పూర్తయ్యేసరికి అది కప్పులా కాక, గోడకు వేలాడదీసిన జంపఖానాలా కనబడింది. దూరం పోయేకొద్దీ పళ్ళు ఇరుకు కావాలన్న సంగతి తెలిసి కూడా, నమూనా మోజులో పడి వదిలేశాను.

రెండోసారి పళ్ళను దగ్గర 10 మిల్లీమీటర్ల నుంచి దూరాన 4 మిల్లీమీటర్ల వరకు తగ్గించుకుంటూ పోయాను. అయినా కప్పు వెనక్కి వెళ్ళలేదు. ఇప్పుడు ఫొటో మీద కోణమానిని పెట్టి చూస్తే కారణం తెలుస్తున్నది. మనం కింద నిలబడి చూస్తున్నాము కనుక శిఖర రేఖ కుడివైపుకు దిగుతూ పోతుంది. దానితోపాటే ప్రతి పంటిలోనూ కుడికి దిగే గీత నిటారుగా, కుడికి ఎక్కే గీత వాలుగా మారుతుంది. ఫొటోలో దిగే గీత దాదాపు 65 డిగ్రీలు, ఎక్కేది 40 డిగ్రీలు ఉంటే, నేను రెండింటినీ 45 డిగ్రీలే వేశాను.

విసుగు పుట్టి కార్ల్స్‌కిర్షె అనే మరో చర్చి దాకా నడిచాను. దాని ఆకుపచ్చని గుమ్మటమూ, ముందున్న జంట స్తంభాలూ ఇరవై నిమిషాల్లో చక్కగా వచ్చేశాయి. అక్కడి బెంచీ మీద కూర్చున్నప్పుడే ముగ్గు గుర్తుకు వచ్చింది. మా అమ్మ ఎంత పెద్ద ముగ్గుకైనా ముందు చుక్కలన్నీ పెట్టుకుంటుంది, గీత తరువాతే. మధ్యాహ్నం మూడింటికి మళ్ళీ చర్చి దగ్గరకు వెళ్ళి, శిఖర రేఖ మీదా చూరు మీదా దూరానికి తగ్గట్టు దగ్గరపడే చుక్కలు పెట్టి, మధ్య వరుసలకు కూడా చుక్కలు దింపి, ఆ తరువాతే కలిపాను. కోణాలు వాటంతట అవే సరిపోయాయి. గీత వరకు ఈ సమస్య తీరినట్టే అనుకుంటున్నాను.

దెబ్బ కొట్టింది రంగు. పసుపు వాష్ (నీళ్ళు కలిపిన పలుచని రంగు పూత) వేసి ఐదు నిమిషాలు ఆగి, పేన్స్ గ్రే అనే ముదురు నీలి బూడిద రంగుతో పళ్ళు దించితే, ప్రతి పంటి మొన పసుపులోకి 3 మిల్లీమీటర్లు పాకి, అంచున బురద ఆకుపచ్చగా తేలింది. తరువాతి వరుసకు తొమ్మిది నిమిషాలు ఆగినా అదే తీరు. అసలు పెంకుల్లో ఆకుపచ్చవి కూడా ఉన్నాయి కనుక, ఏది పెంకు రంగో ఏది మరకో చూసేవారికి తెలియదు. అప్పుడు అక్కడ 7 డిగ్రీల చలి, పైగా వాన తడి.

చలి వల్లనా, కాగితం వల్లనా అని తేల్చుకోవడానికి ఇందాక గదిలో మూడు పట్టీల మీద ఒకే పసుపును ఒకే కుంచెతో వేశాను. స్కెచ్‌బుక్ కాగితం హీటర్ ఉన్న గదిలో నాలుగు నిమిషాల్లో ఆరింది. అదే కాగితం కిటికీ బయట పదహారు నిమిషాలకు కూడా వేలికి చల్లగా తగిలింది. కిటికీ బయటే పెట్టిన ఆర్షె కంపెనీ నూలు కాగితం ముక్క పదకొండు నిమిషాలకు ఆరింది. అంటే ప్రధాన కారణం చలి, దానికి తోడు స్కెచ్‌బుక్‌లోని చెక్క గుజ్జు కాగితం. ప్రయాణాలకు చవక పుస్తకం చాలునన్న నా అభిప్రాయాన్ని వేసవికి మాత్రమే పరిమితం చేసుకుంటున్నాను. రంగు అంటకూడని చోట ముందే పూసే మాస్కింగ్ ఫ్లూయిడ్ వాడవచ్చు గాని, అది కూడా చలిలో త్వరగా ఆరదు, తీసేటప్పుడు కాగితం పైపొరను లేపుతుంది. నాకు దాని మీద నమ్మకం లేదు.

అందుకే వరుస మార్చబోతున్నాను. నల్ల పళ్ళను ముందే ప్లాటినం కంపెనీ కార్బన్ ఇంకుతో నింపి, అది ఆరాక పైన పసుపు వేయాలి. పూర్తిగా ఆరితే ఆ ఇంకు నీటికి చెదరదు. స్కెచ్‌లకు నేను వాడినవాటిలో దానంత నమ్మకమైనది మరొకటి లేదు. పంటికీ పంటికీ మధ్య అర మిల్లీమీటరు తెల్లగీత వదలడం కూడా ప్రయత్నిస్తాను.

రేపు ఉదయం బుడా కొండ మీది మత్యాస్ చర్చికి వెళ్తున్నాను. దాని కప్పు మీద జోల్నాయ్ అనే హంగరీ పింగాణీ కంపెనీ పెంకులు వజ్రాకారపు గళ్ళుగా ఉంటాయి కనుక చుక్కల పద్ధతికి మంచి పరీక్ష అవుతుంది. మ్యూనిక్ తిరిగి వెళ్ళేటప్పుడు వియన్నాలో మూడు గంటల వ్యవధి ఉండేలా టికెట్ తీసుకున్నాను. ఆర్షె కాగితాన్ని ఎ5 ముక్కలుగా కోసి ఇప్పుడే సంచిలో పెట్టాను.