ఐస్‌వైన్ కోత సులువే, క్లాసుతోనే చిక్కు

కెనడాలో నయాగరా-ఆన్-ద-లేక్ దగ్గర ఒక తోటలో ఐస్‌వైన్ ద్రాక్ష కోతకు వెళ్ళాను. ఐస్‌వైన్ అంటే గడ్డకట్టిన ద్రాక్షతో చేసే తీపి వైన్. ఆ తర్వాత పెట్టిన రుచి క్లాసు నిన్ననే అయింది. ఒళ్ళుమంట ఇంకా తగ్గలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా.

కోతలో పెద్ద కష్టమేం లేదు. ఆ తోట ఉన్న ఒంటారియో రాష్ట్రం నిబంధన ప్రకారం పళ్ళు తీగ మీదే గడ్డకట్టాలి. చలి మైనస్ 8 డిగ్రీలకు దిగితేగాని కోయకూడదు. అందుకే అర్ధరాత్రి ఫోన్ చేసి పిలుస్తారు. వలలు విప్పి, గోలీల్లా బిగుసుకున్న విడాల్ అనే రకం ద్రాక్ష పళ్ళు తెంపి, గడ్డ కరగకముందే రసం పిండే ప్రెస్‌లో పోస్తారు. నీరు మంచుగా లోపలే ఉండిపోతుంది, చిక్కటి రసం మాత్రం బొట్టుబొట్టుగా దిగుతుంది. అందులో చక్కెర కనీసం 35 బ్రిక్స్, అంటే దాదాపు నూటికి 35 వంతులు, ఉండాలి. అంత తీపిలో ఈస్ట్‌కే ఊపిరాడదు, పులియడానికి వారాలు పడుతుంది. సాక్సులు రెండు జతలు వేసుకోండి. వాళ్ళిచ్చే గ్లవ్స్‌ని నమ్మకండి.

ఇక క్లాసు. పాత ఏడాది సీసా తెరిచారు. చెప్పడానికి వచ్చినాయన, 1991లో ఫ్రాన్స్‌లోని బోర్డోలో ఇన్నిస్కిలిన్ అనే కెనడా వైన్ కంపెనీ వారి 1989 విడాల్ ఐస్‌వైన్‌కి పెద్ద బహుమతి వచ్చిన కథ తీరిగ్గా చెప్పి, వాసన చూసి ఏం తోస్తే అది చెప్పమన్నాడు. పక్కవాళ్ళు ఆప్రికాట్, పీచ్, తేనె అన్నారు. ఆయన తల ఊపుతున్నాడు. నా వంతు వచ్చింది. "బాగా ముగ్గిన మామిడి, వెనకాల పనసతొన" అన్నాను. ఆయన నవ్వి, వాసనల పేర్లు అచ్చు వేసిన కాగితం నా ముందుకు తోసి, "ఇందులోంచి చెప్పండి" అన్నాడు. అందరూ నవ్వారు. చెవులు ఎర్రబడ్డాయి.

"మీరెప్పుడైనా పనస తిన్నారా?" అని అడిగాను. లేదట! తినని పండు వాసన ఇందులో లేదని ఎలా తేల్చాడో మరి. మాది నూజివీడు. కళ్ళకు గంతలు కట్టినా చిన్నరసమేదో బంగినపల్లేదో ముక్కుతోనే చెప్తాను. ఆయన ఆప్రికాట్ ఎక్కడిదో చెప్పగలడా? చివరి వరసలో కూర్చున్న వైన్ తయారీ ఆవిడ మాత్రం విడాల్‌లో మామిడి వాసన మామూలేనంది. ఆయన వినిపించుకోలేదు. చదివినవాళ్ళకు కొందరికి కాగితమే ముక్కు.

డబ్బు కట్టి ఇలాంటి క్లాసులకు వెళ్ళకండి. ఆ డబ్బుతో 375 ఎంఎల్ సీసా కొని, బాగా చల్లబరిచి, చిన్న గ్లాసులో ఉప్పు జీడిపప్పుతో తాగండి. గులాబ్ జామ్‌తో మాత్రం వద్దు, ఆ పాకం ముందు వైన్ పుల్లగా తగులుతుంది.