ములాంజే పల్లెల్లో పది రోజులు

మా సంఘం నుంచి పన్నెండు మందిమి, 2023 మార్చిలో ఫ్రెడ్డీ తుఫాను ఇళ్లనూ మొక్కజొన్న చేలనూ ముంచెత్తిన ఆఫ్రికా దేశమైన మలావీ దక్షిణ ప్రాంతంలోని ములాంజే జిల్లా పల్లెలకు, మరుసటి ఏడాది జూన్‌లో సేవాయాత్రగా వెళ్లాము.

ప్రార్థనా మందిరానికి గోడ కట్టాలన్నది మా సంకల్పం. అయితే ఇటుక కోసి కాల్చడం నుంచి గోడ లేపడం దాకా అక్కడి తాపీమేస్త్రీలకు మాకంటే ఎంతో బాగా తెలుసునని మొదటి రోజే అర్థమైంది. మా విమాన ఛార్జీల సొమ్ముతో ఎంతమంది స్థానికులకు కూలి దొరికేదో అన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదలడం లేదు. అసలు అక్కర బోరింగు దగ్గర ఉంది: ఆఫ్రిదేవ్ అనే రకం చేతిపంపులో రబ్బరు సీలు అరిగిపోవడంతో స్త్రీలు దూరపు వాగు నుంచి నీళ్లు మోస్తున్నారు. ఊరి నీటి కమిటీలోని ఒక అక్క ఆ పంపును విప్పి బిగించడం మాకే నేర్పారు. మేము విడిభాగాలకు డబ్బు మాత్రం ఇచ్చాము.

ఆ సాయంత్రం మొక్కజొన్న పిండితో వండిన న్సిమాను, మా సంగటి ముద్దలాంటి దానిని, ఆకుకూరతో వడ్డించారు. పాత పంట నిండుకునే జనవరి, ఫిబ్రవరి నెలలకు దాచుకోవలసిన పిండి అదేనని తెలిశాక, 'జికోమో' అని కృతజ్ఞత చెప్పడానికి నాకు గొంతు పెగలలేదు.