వేలిముద్ర పడలేదు

రెండో శనివారం, బడి లేదు. పిల్లల నోట్సులు దిద్దుదామని కూర్చున్నానో లేదో మామయ్య ఫోను. "అమ్మాయ్, నేను బతికే ఉన్నానని చెప్పి వద్దాం, వస్తావా?" ఏటా నవంబర్‌లో ఇదే మాట, వెనకే అదే నవ్వు. పెన్షన్ వాళ్ళకి ఇది లైఫ్ సర్టిఫికెట్ నెల. మిగతావాళ్ళకి అయిదు నిమిషాల్లో తెమిలిపోతుంది. మా మామయ్యకి ఒక పూట పడుతుంది, ఒక్కోసారి రెండు పూటలు.

పోయినేడు ఒకచోట మెషీను ఆయన వేలిముద్ర తీసుకోలేదు. మళ్ళీ రమ్మన్నారు. మళ్ళీ వెళ్తే సర్వర్ లేదు. అట్టా అట్టా గడువు దాటిపోయి రెండు నెలలు పెన్షన్ ఆగింది. ఈసారి నన్ను తోడు పెట్టుకున్నాడు. నాకేదో కంప్యూటర్లు బాగా తెలుసని ఆయన నమ్మకం. బళ్ళో హాజరు యాప్‌తో నేను రోజూ పొద్దున్నే పట్టే కుస్తీ ఆయనకేం తెలుసు.

బ్రాడీపేటలో ఒక సందులో నెట్ సెంటర్. నలుగురు పెద్దవాళ్ళు ప్లాస్టిక్ కుర్చీల్లో వరసగా కూర్చుని ఉన్నారు. కుర్రాడికి ఇరవై ఉంటాయేమో, మర్యాదస్తుడే. "తాతగారూ, బొటనవేలు పెట్టండి" అన్నాడు. పెట్టాడు. ఎర్ర లైటు. తుడిచి పెట్టాడు. ఎర్ర లైటు. "పోనీ చూపుడు వేలు పెట్టండి" అని స్క్రీన్ మీంచి తల తిప్పి చెయ్యి చూశాడు కుర్రాడు. ఆ తర్వాత కాసేపు కీబోర్డు తప్ప ఇంకేం చూడలేదు పాపం.

మామయ్య కుడిచేతికి చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరపు వేలు మొదటి కణుపు దగ్గరే ఆగిపోతాయి. ఎడమచేతికి చిటికెనవేలు, దాని పక్కది. మిగిలిన వేళ్ళ కొసలు నున్నగా మెరుస్తుంటాయి, ఏళ్ళ తరబడి గంట్లు కొట్టించని రుబ్బురోలులాగా. గీతలనేవి ఉంటేగా మెషీనుకి దొరకడానికి! చిన్నప్పటి నుంచీ చూస్తున్న చేతులు. కానీ ఆయన చొక్కా సంగతి మాత్రం ఈరోజే గమనించాను. పైకి మామూలు గుండీలే. కాజాలు మాత్రం లేవు. గుండీ కింద టిచ్ బటన్ కుట్టి ఉంది. నొక్కితే చాలు. అత్తయ్య పనితనం. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో ఇన్నేళ్ళుగా ఆ చొక్కాలు చూస్తూ కూడా నా కంటికి ఆనలేదు.

సర్వర్ తిరుగుతూనే ఉంది. మామయ్య ఎడమ పక్కకి జరిగి కూర్చున్నాను. కుడిచెవి ఆయనకి పూర్తిగా పోయింది. గోల్కొండ ఆర్టిలరీ సెంటర్లో ట్రైనింగ్ అయినప్పటి నుంచీ ఫిరంగుల పక్కనే నౌకరీ. ఆ రోజుల్లో చెవుల్లో దూది కుక్కుకునేవాళ్ళట, అదీ గుర్తుంటే. ఎడమచెవిలో ఇప్పటికీ రాత్రిళ్ళు కీచురాళ్ళ మోత. "గుంటూర్లో కీచురాళ్ళెక్కడివే, నేను వెంటబెట్టుకొచ్చినవే" అంటాడు. గట్టిగా మాట్లాడతాడని ఇంట్లో పిల్లలు విసుక్కుంటారు. నేనూ విసుక్కున్నదాన్నే.

వేళ్ళ సంగతి నేనడగలేదు. పక్క కుర్చీ పెద్దాయన అడిగాడు, "యాక్సిడెంటా?" అని. "కాదండీ, సియాచిన్" అన్నాడు మామయ్య. ఆయన దానికి "ఓహో" అని ఊరుకోకుండా "బుల్లెట్టా?" అన్నాడు. మామయ్య నవ్వాడు. "బుల్లెట్ తగిలితే కథ చెప్పుకోడానికి బాగుండేది. బ్యాటరీ తీగ అండీ."

1990 జనవరి, ఆ సియాచిన్ హిమానీనదం మీద. ఫిరంగులు కింద ఉంటాయి, గుండు ఎక్కడ పడుతోందో చూసి రేడియోలో చెప్పే జట్టు పైన పోస్టులో ఉంటుంది. ఈయన ఆ జట్టులో రేడియో ఆపరేటర్. పంతొమ్మిది వేల అడుగుల దగ్గర. రేడియో బ్యాటరీ మార్చాలి. దళసరి గ్లవుజులతో తీగ కొస పట్టు చిక్కలేదు. తీసేశాడు. "రెండే నిమిషాలు తల్లీ. మహా అయితే మూడు." వేళ్ళు తెల్లబడ్డాయి, మైదాపిండి ముద్దలాగా. నొప్పి లేదు. నొప్పి లేకపోవడమే ప్రమాదమని చెప్పారట ట్రైనింగ్‌లో. కానీ నొప్పి లేనివాడికి కంగారెందుకు పుడుతుంది? కిరసనాయిలు స్టవ్ దగ్గర చేతులు చాపి కూర్చున్నాడు. తోటివాడు వెనక్కి లాగేదాకా మంట అంచుకి ఆనుతున్న సంగతి కూడా తెలియలేదు. వాతావరణం బాగాలేక నాలుగు రోజులు హెలికాప్టర్ రాలేదు.

ఆసుపత్రిలో వెంటనే కోసేస్తారనుకున్నాను నేను. కొయ్యరట. చచ్చిన మాంసానికీ బతికిన మాంసానికీ మధ్య గీత తేలేదాకా వారాల తరబడి ఆగుతారు, ఎంత మిగిలితే అంత మిగలనిమ్మని. అన్నాళ్ళూ ఆయన మంచం మీద పడుకుని తన వేళ్ళు నల్లబడడం, ఎండిపోవడం చూస్తూ గడిపాడు. "ఎట్టా ఉండేయంటే, నూనెలో మాడిన చల్లమిరపకాయల్లాగా" అన్నాడు. మామయ్య ఇంట్లో పప్పన్నంలోకి అప్పడాలు ఉంటాయి, వడియాలు ఉంటాయి. చల్లమిరపకాయలు ఎప్పుడూ చూడలేదు. గుంటూరు మిరప కమీషన్ కొట్లో పదిహేనేళ్ళు లెక్కలు రాసిన మనిషి ఇంట్లో!

ఆ కొట్లో ఘాటుకి ఎవరైనా దగ్గి చావాల్సిందే. ఈయన మాత్రం నింపాదిగా కూర్చునేవాడట. పోస్టులో మూడు నెలలు మూసిన గుడారంలో ఆ స్టవ్ పొగే పీల్చారు, ఉమ్మితే నల్లగా వచ్చేది. దాని ముందు ఇదెంత అనేవాడు.

నేను తొమ్మిదో తరగతికి సోషల్ చెప్తాను. మొన్ననే మొదటి ప్రపంచయుద్ధం అయింది. పాఠంలో లేనిది ఒకటి చెప్పాను పిల్లలకి. 1914 శరత్కాలంలో బ్రిటిష్‌వాళ్ళు మన దేశపు సైన్యాన్ని ఫ్రాన్స్‌లో దించితే చాలామంది ఒంటి మీద ఎండదేశపు నూలు ఖాకీయే ఉంది. ఆ చలికాలం కందకాల్లో మోకాటిలోతు నీళ్ళు. రోజుల తరబడి తడి బూట్లలో పాదాలు ఉబ్బి, నీలమై, కుళ్ళేవి. చివరికి తిమింగలం నూనె రాయించి, సాక్సులు మార్చుకున్నారో లేదో ఆఫీసర్లే దగ్గరుండి చూసుకునేదాకా అది అదుపులోకి రాలేదు. వెనక బెంచీ పిల్లోడు "టీచర్, యుద్ధంలో సాక్సులా?" అని పకపకా నవ్వాడు. నేనూ నవ్వేశాను. ఈరోజు నెట్ సెంటర్లో కూర్చుంటే ఆ నవ్వు గుర్తొచ్చి ఎట్టాగో అయింది.

స్టవ్ సంగతి విన్నాక ఇంకొకటి. 1812లో మాస్కో నుంచి తిరుగుముఖం పట్టిన నెపోలియన్ సేనలో లారే అని ఒక సర్జన్. గడ్డకట్టిన చేతుల్ని నెగడు దగ్గర కాచుకున్నవాళ్ళకి అవి కుళ్ళిపోవడం కళ్ళారా చూశాడాయన. అంతవరకు సరిగ్గానే చూశాడు. మందు మాత్రం తప్పు చెప్పాడు, మంచుతో రుద్దమన్నాడు. ఆ మాట వందేళ్ళకి పైగా చెల్లింది. చెయ్యాల్సింది ఒంటివేడి ఉన్న గోరువెచ్చటి నీళ్ళలో ముంచడం, 37 నుంచి 39 డిగ్రీలు. మా అమ్మ పసిపిల్లలకి మోచేత్తో చూసి పోసే నీళ్ళంత. ఇది మామయ్యతో అంటే "అక్కడ నీళ్ళంటే ఐసు కరగబెట్టడమేగా, గ్లాసుడుకి గంట" అన్నాడు. నేనింక పాఠం చెప్పలేదు.

సియాచిన్‌లో మనవాళ్ళు 1984 ఏప్రిల్ నుంచి ఉన్నారు. పోయినవాళ్ళు ఎనిమిది వందలు దాటారు. ఎక్కువమందిని తీసుకెళ్ళింది శత్రువు కాదు, చలి, మంచు చరియలు, గాలిలేనితనం. 2003 నవంబర్ నుంచి అక్కడ కాల్పులే లేవు. అయినా 2016 ఫిబ్రవరిలో చరియ విరిగిపడి పదిమంది మద్రాస్ రెజిమెంట్ వాళ్ళు పోయారు, మన అప్పటి కర్నూలు జిల్లా అబ్బాయి ఒకడు వాళ్ళలో. ఆ వార్త టీవీలో వస్తున్నంతసేపూ మామయ్య అన్నం తినలేదని అత్తయ్య చెప్పింది. కార్గిల్ యుద్ధంలో పోయినవాళ్ళెందరు అనగానే 527 అని మా పిల్లలు టక్కున చెప్తారు, క్విజ్ ప్రశ్న కదా. గాయపడినవాళ్ళు 1,363 మంది. ఆ అంకె నేనెప్పుడూ అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు.

కుర్చీ పెద్దాయనది పిడుగురాళ్ళ వైపట. మాటలు కారెంపూడి మీదికి మళ్ళాయి. కార్తీక అమావాస్య దగ్గరికొచ్చింది, పల్నాటి యుద్ధంలో పోయిన వీరుల ఉత్సవాలు. మా అమ్మమ్మగారి ఊరు అటేగా, మామయ్యకి హుషారొచ్చింది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని గబగబా అయిదు రోజుల పేర్లూ అప్పజెప్పాడు. ఆ వీరుల ఆయుధాల్ని, కొణతాలంటారు, నాగులేట్లో కడిగి తెస్తుంటే చిన్నప్పుడు తాత భుజం మీదెక్కి చూశాడట. "ఎనిమిది వందల ఏళ్ళయినా కత్తులకి పసుపు రాస్తున్నారు చూడండి" అన్నాడు పెద్దాయన మురిసిపోతూ. మామయ్య కాసేపాగి, "చేతులు పోయి ఇంటికొచ్చినవాళ్ళ ఊసు ఆ కథలో ఎక్కడన్నా వస్తుందాండీ?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. పెద్దాయన ఆలోచించి, "బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలంలోకి వెళ్ళిపోయాడుగా" అన్నాడు. అది జవాబో కాదో ఇద్దరికీ తెలియలేదు.

కుర్రాడు ఈలోపు మొహం చూపించే పద్ధతి ప్రయత్నించాడు ఫోన్లో. అదీ ఒప్పుకోలేదు, వెలుతురు చాలదంటుంది. అప్పుడు నాకు వెలిగింది. మా బళ్ళో హాజరు యాప్‌ది కూడా ఇదే గొడవ, మేమంతా వేపచెట్టు నీడ వదిలి గేటు దగ్గర ఎండలోకెళ్ళి మొహాలు చూపిస్తాం. మామయ్యని రోడ్డు మీదికి తీసుకొచ్చాను. కళ్ళజోడు తీయించాను. ఆ మంచు తెలుపు చూసి చూసి ఆయన కళ్ళు ఎండని అసలు ఓర్చుకోవు, బొటబొటా నీళ్ళు కారుతున్నాయి. "కళ్ళు ఆర్పండి" అని వచ్చింది ఫోన్లో. ఆయనకి వినపడదుగా, ఎడమచెవిలో అరిచాను, "మామయ్యా, కన్ను ఆర్పు!" ఆటోవాడు ఆగి చూశాడు. మామయ్య అటెన్షన్‌లో నిలబడి రెండుసార్లు ఆర్పాడు. పచ్చ టిక్కు పడింది.

కుర్రాడు డబ్బులు వద్దన్నాడు. మామయ్య బల్లమీద పెట్టేసి వచ్చాడు.

వీధి చివర గోలీసోడా బండి. రెండు చెప్పాడు. బండివాడు చేతులు చూసి "నేను కొట్టిస్తానండీ" అన్నాడు. "ఇటివ్వు" అని సీసా లాక్కుని, గోలీ మీద బొటనవేలు పెట్టి ఒక్క నొక్కు. సోడా అంతా నా చీర మీద.