హెడ్ దించకుండానే దొరికిన లీకు

టైమింగ్ బెల్టు మార్చాల్సిన సమయం వచ్చిందని మా పాత డీజిల్ కారును ఇంటి దగ్గరి షెడ్డులో ఇచ్చాను. ఎలాగూ అంతా విప్పుతున్నారు కాబట్టి వాటర్ పంపు కూడా కొత్తది వేయించాను. కొన్నాళ్లు కారు బాగానే నడిచింది. ఆ తర్వాత మే నెలలో విజయవాడ నుంచి హైదరాబాద్ బయల్దేరితే, నందిగామ దాటగానే టెంపరేచర్ ముల్లు పైకి ఎక్కడం మొదలైంది.

ఏసీ ఆపి హీటరు పూర్తిగా తిప్పాను. ఆ ఎండలో అది శిక్షే కానీ, హీటరు కూడా ఒక చిన్న రేడియేటరే. ఇంజను వేడిని కొంత లాగేస్తుంది. అయితే వేడిగాలి రానే లేదు. ముల్లు ఎర్రగీతను తాకబోతుంటే హీటరు వేడెక్కలేదంటే దానిలోకి కూలెంట్, అంటే ఇంజనును చల్లబరిచే ద్రవం, చేరడం లేదన్నమాట: తగ్గిపోయి అయినా ఉండాలి, మధ్యలో గాలి పట్టి అయినా ఉండాలి. కారు పక్కకు తీసి ఇంజను ఆపేశాను.

దాబాలోంచి ఒకాయన తడిగుడ్డతో వచ్చి రేడియేటర్ మూత తిప్పబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. లోపల ఉన్నది ప్రెషర్ కుక్కరే. మూత దాదాపు 1 బార్ ఒత్తిడిని పట్టి ఉంచుతుంది కాబట్టే 100 డిగ్రీలు దాటినా కూలెంట్ మరగదు. మూత వదులు చేసిన క్షణంలో ఒక్కసారిగా మరిగి ముఖాన చిమ్ముతుంది. చల్లారేదాకా ఆగి, మంచినీళ్ల సీసాలు కొని పోసి, నెమ్మదిగా వెనక్కి వచ్చాను. దారి పొడవునా ముల్లును చూస్తూనే ఉన్నాను. అది ఉన్నట్టుండి కిందికి పడిపోయినా సంబరపడకూడదు. సెన్సర్ చుట్టూ కూలెంట్ లేకపోయినా అలాగే పడుతుంది.

షెడ్డువాళ్లు బానెట్ ఎత్తీ ఎత్తకముందే తీర్పు చెప్పేశారు: “హెడ్ గ్యాస్కెట్ పోయింది సార్. హెడ్ దించాలి.” హెడ్ అంటే సిలిండర్ల మీద ఉండే మూత లాంటి భాగం, దానికీ ఇంజను బ్లాకుకూ మధ్య ఉండే సీలే గ్యాస్కెట్. కారు కింద ఒక్క చుక్క లేదు, నీళ్లేమో తగ్గుతున్నాయి, అంటే సిలిండర్‌లోకి వెళ్లి కాలిపోతున్నాయని వాళ్ల వాదన. వినడానికి బాగానే ఉంది. కానీ సైలెన్సర్ నుంచి తెల్లపొగ రావడం లేదు, డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ పాలు కలిసినట్టు మారలేదు. ఈ రెండూ లేనంత మాత్రాన గ్యాస్కెట్ బాగున్నట్టు కాదు గానీ, వేలకు వేలు పెట్టి హెడ్ దించడానికి వాళ్ల వాదన ఒక్కటే చాలదు. కారును ఆటోనగర్ తీసుకెళ్లాను.

అక్కడి మేస్త్రి పెద్దాయన. లక్షణాలు చెప్పబోతే ఆపి, “ఈ మధ్య ఏం పని చేయించావు బాబూ?” అని అడిగారు. పంపు సంగతి చెప్పాను. ఇంజను పూర్తిగా చల్లారాలని కారును రాత్రి అక్కడే ఉంచమన్నారు.

పొద్దున్నే మూత తీసి, కూలెంట్ నింపి, ఆ మూత స్థానంలో గేజీ ఉన్న చేతిపంపు బిగించారు. మూత మీద ఎంత ఒత్తిడి రాసి ఉందో అంతవరకే కొట్టి వదిలేశారు. ఎక్కువ కొడితే బాగున్న గొట్టాలూ పగులుతాయట. గేజీ ముల్లు నింపాదిగా దిగడం మొదలైంది. కింద మాత్రం చుక్క లేదు. టార్చి వేసి, పిడి ఉన్న చిన్న అద్దాన్ని పంపు వెనక్కి పెట్టి నన్ను చూడమన్నారు. పంపులోకి వచ్చే ఇనుప పైపు మొదట్లో, కారిన కూలెంట్ ఎండి ఆకుపచ్చ పొక్కు కట్టి ఉంది. ఇంకో రెండు సార్లు ఒత్తిడి కొట్టగానే ఆ పొక్కు అంచున ఒక బొట్టు ఊరి, ఉబ్బి, ఇంజను బ్లాకు మీదికి జారింది.

కారుతున్నది పైపు చివర ఉండే రబ్బరు ఓ-రింగు దగ్గర. పంపు కొత్తదే, రింగు మాత్రం పాతదే తిరిగి ఎక్కించారు. గట్టిపడి ఒక పక్క నలిగిపోయింది. ఇంజను వేడెక్కి ఒత్తిడి పెరిగినప్పుడే కారుతుంది, కారింది వేడి బ్లాకు మీద పడి అక్కడే ఆవిరైపోతుంది. ఇక నేల తడవమంటే ఎలా తడుస్తుంది?

నా అనుమానం తీరడానికి గ్యాస్కెట్ కూడా పరీక్షించమన్నాను. ఇంజను నడుస్తుండగా రేడియేటర్ నోటి దగ్గరి ఆవిరిని ఒక నీలం ద్రవంలోంచి పీల్పించారు. సిలిండర్‌లో మండిన వాయువు అందులో ఉంటే ద్రవం రంగు మారుతుంది. ఎంతసేపు చూసినా నీలంగానే ఉంది.

రింగు మార్చడం కంటే గాలి తీయడానికే ఎక్కువసేపు పట్టింది. ముందు చక్రాలను ర్యాంపు ఎక్కించి, మూత తెరిచి, హీటరు పూర్తిగా వేసి ఇంజను నడిపారు. థర్మోస్టాట్ (కూలెంట్ వేడెక్కితే తెరుచుకునే వాల్వు) తెరుచుకుని కింది గొట్టం కూడా వేడెక్కేదాకా బుడగలు వస్తూనే ఉన్నాయి. మట్టం తగ్గినప్పుడల్లా కూలెంట్ పోశారు. అదీ డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలిపిందే. షెడ్డువాళ్లు బోరు నీళ్లు పోసినట్టున్నారు, పాతది వంపితే అడుగున తుప్పు రంగు మడ్డి కనిపించింది. మర్నాడు చల్లటి ఇంజను మీద మట్టం కొంచెం దిగితే మళ్లీ నింపాను. ఆ తర్వాత హైదరాబాద్ వెళ్లి వచ్చినా గీత దగ్గరే ఉంది.

పాత రింగును షెడ్డుకు తీసుకెళ్లి చూపించాను. యజమాని దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “దీనికి మేము బిల్లు వేయలేదు కదా సార్” అన్నాడు.