తోజి నాటి గుమ్మడికాయ

డిసెంబరు 22, సోమవారం, టోక్యో

ఈ రోజు తోజి. ఏడాది మొత్తంలో పగలు అతి తక్కువగా ఉండే రోజు. సెలవు కాదు కాబట్టి పాప బడికి వెళ్లింది, నేను ఇంటి నుంచే ఆఫీసు పని చేసుకున్నాను. సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడింది.

తోజి నాడు గుమ్మడికాయ తింటే జలుబు దరిచేరదని ఇక్కడి వాళ్ల నమ్మకం. నిజమో కాదో గానీ, నిషికసాయిలో మా వీధి చివరి సూపర్ మార్కెట్ వాళ్లు మాత్రం నిన్ననే గుమ్మడి ముక్కల్ని ముందు వరసలో పేర్చేశారు. ఉత్తర జపానులోని హొక్కయిదోలో గుమ్మడి కోతలు శరదృతువులోనే అయిపోతాయి. నేను తెచ్చిన ముక్క మీద మెక్సికో అని రాసి ఉంది. ఆచారం జపానుది, కాయ మెక్సికోది, వండేది తెనాలి మనిషి!

కొంబును నిన్న రాత్రే చన్నీళ్లలో వేసి ఫ్రిజ్‌లో పెట్టాను. ఎండబెట్టిన సముద్రపు నాచు అది. పొద్దున్న ఆ నీళ్లను సన్నని సెగ మీద పెట్టి, మరిగేలోపే కొంబు తీసేశాను. మరిగితే జిగురు, ఒకలాంటి వాసన వస్తాయి. ఈ నీళ్లే దాషి, ఇక్కడి వంటలకు మూలమైన రసం. మన వంటలో రుచి చివర్లో, తాలింపు చుయ్‌మన్నప్పుడు వస్తుంది. ఇక్కడ పొయ్యి వెలిగించకముందే సగం వంట అయిపోయి ఉంటుంది. 1908లో టోక్యోలో కికునే ఇకెదా అనే రసాయన శాస్త్రవేత్త ఈ కొంబు నుంచే రుచినిచ్చే గ్లుటమేట్ అనే పదార్థాన్ని వేరు చేసి, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. పండిన టమాటాలోనూ అది దండిగా ఉంటుంది. మా అమ్మ టమాటా పప్పుకు అంత రుచి ఊరికే రాలేదన్నమాట.

మేము శాకాహారులం. ఈ దేశంలో మాంసాన్ని తప్పించుకోవడం తేలికే, చేపను తప్పించుకోవడమే కష్టం. కత్సువోబుషి అనే ఎండు చేప పొరలు దాషిలో, సీసాల్లో అమ్మే సాసుల్లో, కొన్ని మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) డబ్బాల్లో కూడా ఉంటాయి. కంటికి కూరగాయల పులుసే, లోపల మాత్రం చేప. అందుకే జపాను వంట తినాలంటే మాకు హోటలు కన్నా ఇల్లే నయం. కొంబుకు తోడు నాలుగు ఎండు షీటాకె పుట్టగొడుగులు నానబెడితే చేప లేని లోటు తెలియదు.

ఈ గుమ్మడి రాయిలా ఉంటుంది. కాసేపు మైక్రోవేవ్‌లో పెడితే గానీ కత్తి దిగదు. తొక్క తీయకూడదు. ఉడికేటప్పుడు చితికిపోకుండా ముక్కల అంచులు కొద్దిగా చెక్కి, తొక్క వైపు కిందికి ఉండేలా గిన్నెలో ఒకే వరసగా పేర్చాలి. దాషి, మిరిన్ అనే తియ్యటి బియ్యపు సారా, చక్కెర ముందు. సోయా సాస్ తర్వాత. ఉప్పు ముందే పడితే తీపి లోపలికి సరిగ్గా దిగదంటారు. మూత గిన్నెకు కాదు, ముక్కలకే పెట్టాలి. అందుకోసం ఇక్కడ వాడే చెక్క మూత నా దగ్గర లేదు, బేకింగ్ కాగితాన్ని గుండ్రంగా కత్తిరించి కప్పుతాను. గరిటె ఊసే ఎత్తకూడదు. కలపకుండా ఊరుకోవడం నా చేతికి ఇంకా అలవాటు కాలేదు. ఉడికాక దించి వదిలేస్తే, చల్లారుతున్నప్పుడే రసం ముక్కల్లోకి ఇంకుతుంది. అందుకే మధ్యాహ్నమే వండేశాను.

అమ్మ ఫోను చేసినప్పుడు చూపించాను.

"చింతపండు లేదు, తాలింపు లేదు, అదెలా దిగుతుందే గొంతులోకి?"

"బెల్లం వేసిన గుమ్మడి పులుసు నువ్వు వండవా అమ్మా? తీపి అదే."

"అందులో ఇంగువ ఉంటుంది," అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

రాత్రికి అన్నం, టోఫు (సోయా పనీరు) వేసిన మిసో సూపు, నువ్వుల పొడి కలిపిన పాలకూర, గుమ్మడి. మిసోను పొయ్యి ఆపాకే కలిపాను, మరిగిస్తే వాసన పోతుంది. ఇక్కడి ఇళ్లలో రోజూ సుషీ తింటారని మన ఊళ్లో ఇప్పటికీ అనుకుంటారు. తినేది ఇలాంటి భోజనమే: అన్నం, పులుసు, కూర, ఓ ఊరగాయ. ఊరగాయ వంతు వచ్చేసరికి మా ఆయన లేచి వెళ్లి ఆవకాయ జాడీ తెచ్చుకున్నారు.

"ఏమండీ, అది అన్నంలోకి మాత్రమే. గుమ్మడి జోలికి వెళ్లకండి," అన్నాను. సగం విన్నారు.

పక్కింటి పెద్దావిడ ఇచ్చిన యూజు పళ్లు (నిమ్మజాతివి) స్నానాల తొట్టిలో తేలుతున్నాయి. అదీ ఈ రోజు ఆచారమే. పాప వాటితో ఆడుకుంటూ ఎంతకీ బయటికి రాలేదు.

మిగిలిన గుమ్మడిని రేపు మెదిపి, బ్రెడ్డు పొడి అద్ది కొరొక్కె అనే కట్లెట్లు వేయించాలి, పాప డబ్బాలోకి. మా ఇద్దరి వాటిలో పచ్చిమిర్చి వేస్తాను. అది జపాను పద్ధతి కాదని ఎవరు చెప్పినా వినను.