ఎగుమతి నిషేధానికి రెండు వైపులా

కోవిడ్ వ్యాపిస్తుండగా జర్మనీ ప్రభుత్వం 2020 మార్చి 4న మాస్కులు, గ్లవ్స్, రక్షణ దుస్తుల ఎగుమతిని నిషేధించినప్పుడు, అక్కడి ఒక ఆసుపత్రి కొనుగోలు విభాగంలో పనిచేస్తున్న నాకు ముందుగా కలిగింది ఊరటే. ఉన్న సరుకు దేశం దాటిపోదన్న భరోసా, రోజూ నిల్వలు లెక్కపెట్టుకునే మాలాంటివారికి చిన్నది కాదు. కాని నేను ఆ దేశ పౌరుడిని కాను. ఆ నిషేధం నన్ను కాపాడింది నేను వారి మనిషినని కాదు, ఆ సమయానికి సరిహద్దు లోపల ఉన్నానని. సరిహద్దు బయట, నాకంటే ఎంతో ఎక్కువ ప్రమాదంలో ఉన్న ఒక నర్సుకు అదే మాస్కు అందకపోవడానికి కారణం కూడా ఆమె ఎక్కడ ఉన్నదన్నది మాత్రమే. ప్రవాసికి ఈ సంగతి త్వరగా తెలుస్తుంది. అతని వాళ్ళు ఎప్పుడూ రెండు వైపులా ఉంటారు.

ఆసుపత్రి లోపల మేము అనుసరించిన పద్ధతి పూర్తిగా వేరు. మాస్కులు తగ్గిపోతున్నకొద్దీ వాటిని ముందుగా ఐసీయూకు, ఆ తరువాత అత్యవసర విభాగానికి, చివరికి మిగతా వార్డులకు పంపేవాళ్ళం. కార్యాలయంలో కూర్చునే మాకు అవి ఇవ్వలేదు. ఏ విభాగానికి బడ్జెట్ ఎక్కువ, ఏ విభాగాధిపతి గొంతు పెద్దది అని ఎవరూ అడగలేదు, అడిగి ఉంటే మిగతావారు సిగ్గుపడేవారు. ఒక భవనంలో అందరూ ఒప్పుకున్న ఈ న్యాయం దేశాల మధ్యకు వచ్చేసరికి ఎందుకు చెల్లకుండా పోవాలో నాకు ఇప్పటికీ ఎవరూ సరిగా చెప్పలేకపోయారు.

బయటి విపణిలో మాత్రం డబ్బు, తొందర, అధికారం, ఈ మూడే పనిచేశాయి. సర్జికల్ మాస్కుల ధర ఆరు రెట్లు, ఎన్95 మాస్కుల ధర మూడు రెట్లు పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మార్చి మొదట్లోనే ప్రకటించింది. ఎన్నో ఏళ్లుగా సరుకు అందాక బిల్లు చెల్లిస్తూ వచ్చిన మమ్మల్ని, ముఖం కూడా తెలియని దళారులు మొత్తం సొమ్ము ముందే పంపమన్నారు. ఫ్రాన్స్ తన గడ్డమీద ఉన్న మాస్కుల నిల్వలను స్వాధీనం చేసుకోవడంతో, ఒక స్వీడిష్ కంపెనీ ఇటలీకి, స్పెయిన్‌కు పంపవలసిన మాస్కులు అక్కడి గిడ్డంగిలోనే చిక్కుకున్నాయి. ఐరోపాలో అందరికంటే ముందు కుదేలైన ఇటలీ, యూరోపియన్ యూనియన్ అత్యవసర సహాయ వ్యవస్థ ద్వారా మాస్కులు అడిగితే మొదట్లో ఏ సభ్యదేశమూ స్పందించలేదు. ఏప్రిల్ 16న యూరోపియన్ కమిషన్ అధ్యక్షురాలు ఉర్సులా ఫాన్ డెర్ లాయెన్ ఐరోపా తరఫున ఇటలీకి క్షమాపణ చెప్పారు. జర్మన్ ఆసుపత్రులు అప్పటికే ఇటలీ, ఫ్రాన్స్‌ల నుంచి వచ్చిన రోగులకు తమ ఐసీయూలలో చోటిచ్చాయి. మాస్కు ఇవ్వలేని దేశమే మంచం ఇవ్వగలిగిందన్నది కూడా చెప్పి తీరాలి.

ప్రభుత్వాలు తమ ప్రజలను ముందు చూసుకోవడం తప్పని నేను అనను. తనకు మాలిన ధర్మం కూడదని పెద్దలు ఊరికే అనలేదు. అయితే ఆ మాట అవసరానికి వర్తిస్తుంది, భయంతో కూడబెట్టుకోవడానికి వర్తించదు. జర్మనీ ఆరోగ్య శాఖ 2020లో దాదాపు 580 కోట్ల మాస్కులు కొన్నది. వాటిలో సగానికి పైగా ఎవరి ముఖానికీ చేరకుండా ధ్వంసానికే పోయాయని ఆ దేశ ఆడిట్ సంస్థ తేల్చింది. కొన్న రోజున అవన్నీ అవసరమేననిపించి ఉంటాయి. కాని మిగులుతాయని తెలిసిన తరువాతైనా, అవి వాడకానికి పనికివచ్చే గడువులోనే అవసరమున్న చోటికి చేర్చవలసిన బాధ్యత ఉండింది.

టీకాలు వచ్చాక నేను నిలబడిన వైపు మారింది. వాటిని అందరికీ న్యాయంగా పంచాలని ఏర్పడిన అంతర్జాతీయ పథకం కోవాక్స్, 2021 చివరికల్లా 200 కోట్ల డోసులు అందించాలనుకుని అందులో సగాన్ని కూడా ఆ గడువుకు చేరుకోలేకపోయింది. ధనిక దేశాలు ముందే ఒప్పందాలు చేసుకుని వరుసలో ముందు నిలబడడం ఒక కారణం; 2021 మార్చి చివర్లో రెండో ఉప్పెన ముంచుకొస్తుండగా భారతదేశం టీకాల ఎగుమతిని ఆపివేయడం మరో ముఖ్య కారణం. అక్కడ ఉన్న మా అమ్మానాన్నలకు ఆ నెలల్లోనే టీకా అందింది. సంతోషించాను, ఆ సంతోషం తప్పని నేను ఒప్పుకోను. అయినా భారత్‌లో టీకాలు తయారుచేసే సీరమ్ సంస్థ డోసుల కోసమే ఆఫ్రికా దేశాలలో ఆరోగ్య కార్యకర్తలు, మొదటి డోసు వేయించుకుని రెండోది ఎప్పుడొస్తుందో తెలియక, ఎదురుచూస్తున్నారని నాకు తెలుసు. అంత ఘోరమైన విపత్తులో భారత్ చేసిన పనిని నేను తప్పుపట్టలేను. ప్రపంచం మొత్తం ఒకే దేశపు కర్మాగారం మీద ఆధారపడేలా వదిలేయడం మాత్రం ఆ విపత్తు కంటే ముందే జరిగిన తప్పు. 2020 అక్టోబరులో టీకాలను మిగతా దేశాలు కూడా తయారుచేసుకునేలా భారత్, దక్షిణాఫ్రికా కలిసి కోరిన పేటెంట్ హక్కుల సడలింపును జర్మనీ గట్టిగా వ్యతిరేకించినప్పుడు, నేను పన్నులు కట్టే దేశం పట్ల నాకు కలిగిన బాధ చిన్నది కాదు.

ఈ పోటీలో మనుషులు కూడా సరుకే అయ్యారు. ఫిలిప్పీన్స్ 2020 ఏప్రిల్‌లో తన నర్సులు, వైద్యులు పని కోసం విదేశాలకు వెళ్లకుండా కొంతకాలం ఆపింది. దానిని వ్యక్తి స్వేచ్ఛకు భంగమని విమర్శించిన వారిని నేనూ సమర్థించాను. కాని మా వార్డులలో రాత్రి షిఫ్టులు చేసేవారిలో ఎంతోమంది, వేరే పేద దేశాలు ఖర్చుపెట్టి చదివించిన వాళ్ళే. నర్సును తీసుకుని, ఆమె వదిలివచ్చిన ఆసుపత్రికి మాస్కు నిరాకరించడం ఏ లెక్కన చూసినా న్యాయం కాదు.

ప్రపంచ ఆరోగ్య సభ 2025 మే 20న ఆమోదించిన మహమ్మారి ఒప్పందం, అందులో చేరిన ఔషధ సంస్థలు మహమ్మారి సమయంలో తయారుచేసే టీకాలు, మందులు, పరీక్షా సామగ్రిలో 20 శాతాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థకు అందించే ఏర్పాటును ఉద్దేశిస్తోంది. అత్యవసర సమయాల్లో వాణిజ్య ఆంక్షలు పరిమితంగా, తాత్కాలికంగా ఉండాలన్న మాట అందులో ఉన్నా, నిషేధాలను ఆపే శక్తి దానికి లేదు. ఏదైనా ప్రభుత్వం ఎగుమతిని అడ్డుకుంటే సరఫరాదారుకు బాధ్యత ఉండదన్న షరతు మేము సంతకం చేసే ఒప్పందాలలో ఇప్పటికీ ఉంటుంది. 2020లో మా ఆర్డర్లు ఎన్నో ఆ షరతు కిందనే రద్దయ్యాయి. దానిని తీసివేయించే బలం ఒక ఆసుపత్రికి లేదు, ప్రభుత్వాలు ఒకదానికొకటి మాట ఇచ్చుకుంటేనే అది పోతుంది. అంతవరకు ప్రతి ముఖ్యమైన వస్తువుకూ వేరువేరు దేశాలలో కనీసం ఇద్దరు సరఫరాదారులను వెతికి ఉంచుకోవడమే మా విభాగం చేయగలుగుతున్న పని.